పుస్తకంలో జోడింపు, చేతిలో చెన్నై టేకు

మేకు, స్క్రూ లేకుండా చెక్కలో చెక్కను దించి కట్టే పాత వడ్రంగం చెన్నైలో నేర్చుకుందామంటే గురువు దొరకడం కష్టం. పని తెలిసినవాళ్ళు ఉన్నారు గానీ వాళ్ళ రోజంతా ప్లైవుడ్ కోతకు, లామినేట్ అతికింపుకు, మాడ్యులర్ కిచెన్లకు పోతోంది. ఉలితో బెజ్జం తొలిచే పని గుమ్మాలకూ పూజగది తలుపులకూ మిగిలింది. అక్కడా చాలావరకు మిషనే తొలిచేస్తోంది. అందుకే ఆసక్తి ఉన్నవాళ్ళు పుస్తకాల మీద పడతారు.

పుస్తకంతో వచ్చే విద్య తక్కువేమీ కాదు. గీత ఎక్కడ గీయాలి, ఏ వరసలో కోయాలి, ఏ బరువుకు ఏ జోడింపు పెట్టాలి అన్నవి అచ్చులోంచే నేర్చుకోవచ్చు. చిక్కంతా అంకెల దగ్గర. దొరికే పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇంగ్లండు పచ్చి ఓక్‌కో, అమెరికా ఫర్, పైన్‌లకో, జపాన్ సుగి, హినోకిలకో రాసినవి. వాటి కొలతల్లో ఆ ఊరి గాలి, ఆ చెట్టు కుంచింపు, ఆ కప్పు మీద పడే మంచు అన్నీ కలిసిపోయి ఉంటాయి. వాటిని చెన్నైకి మార్చుకోకుండా కోస్తే జోడింపు చేసిన రోజు బిగువుగానే ఉంటుంది. లోపం వానల్లోనో, ఆ తర్వాతి ఎండల్లోనో బయటపడుతుంది.

ముందు తేమ లెక్క

కలప తన చుట్టూ ఉన్న గాలితో సర్దుకునేదాకా తేమను పీల్చుకుంటూనో వదులుతూనో ఉంటుంది. వేడి 30 డిగ్రీలు, గాలిలో తేమ 70 శాతం ఉంటే కలపలో తేమ 13 శాతం దగ్గర నిలుస్తుంది. గాలి తేమ 80 శాతానికి పెరిగితే కలప 16 దాకా పోతుంది. 50 శాతానికి దిగిన ఏసీ గదిలో 9 శాతానికి వస్తుంది. చలిదేశాల పుస్తకాలు, శీతాకాలమంతా హీటరు నడిచే ఇంటిని మనసులో పెట్టుకుని, సామాన్ల చెక్కను 6 నుంచి 8 శాతానికి ఆరబెట్టమంటాయి. ఆ మాట నమ్మి 7 శాతం చెక్కతో తిరువాన్మియూరులో తలుపు చేసి బిగిస్తే, కార్తీకం వానలకు అది ఉబ్బి గుమ్మంలో ఇరుక్కుంటుంది. అదే తేమ చెక్క రాత్రింబవళ్ళు ఏసీ నడిచే ఆఫీసుకైతే సరిపోతుంది. కాబట్టి చెక్క కొనేముందే, చేసిన వస్తువు ఎక్కడ ఉండబోతోందో తేల్చుకోవాలి.

ఎంత కదులుతుందన్నది కూడా లెక్కకు అందేదే. టేకు పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఎండేసరికి వయసు వలయాల వెంబడి 5.8 శాతం, వలయాలకు అడ్డంగా 2.5 శాతం కుంచించుకుంటుంది. తెల్ల ఓక్‌కు ఈ అంకెలు 10.5, 5.6. అంటే ఓక్ కోసం రాసిన ఖాళీలు టేకుకు ఇంచుమించు రెట్టింపు. కుంచింపు సుమారు 30 శాతం తేమ దగ్గర మొదలవుతుంది గనక 5.8ని 30తో భాగిస్తే, తేమ ఒక శాతం మారినప్పుడల్లా వెడల్పు 0.19 శాతం మారుతుంది. తలుపు మధ్య ప్యానెల్ 300 మి.మీ. వెడల్పుంటే, తేమ 5 శాతం మారినప్పుడు 300 × 0.0019 × 5, అంటే దాదాపు 3 మి.మీ. కదలిక. మే నెల ఎండలో చేసిన ప్యానెల్ ఇంకా ఉబ్బాల్సిందే కాబట్టి గాడిలో ఆ 3 మి.మీ. ఖాళీ వదలాలి. నవంబరులో చేసినదైతే అప్పటికే ఉబ్బి ఉంటుంది. దాని అంచు గాడిలో లోతుగా దిగి ఉండాలి, లేకపోతే వేసవిలో సందు కనిపిస్తుంది. ప్యానెల్‌ను గాడిలో ఫెవికాల్ పెట్టి అతికించడం మాత్రం ఏ కాలంలోనూ తప్పే. కదలనివ్వని చెక్క నడుమ చీలుతుంది.

మీటరు లేకున్నా తేమ కొలవవచ్చు. పలక కొస నుంచి ఒక జానెడు వదిలి 25 మి.మీ. ముక్క కోయాలి, ఎందుకంటే కొస ఎప్పుడూ ముందే ఆరిపోయి ఉంటుంది. ఆ ముక్కను వెంటనే తూచి, వంటింటి ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర ఉంచి, బరువు తగ్గడం ఆగేదాకా మధ్యమధ్య తూస్తూ ఉండాలి. మొదట 84 గ్రాములు, చివరికి 73 గ్రాములు అయితే తేడా 11. దాన్ని ఎండిన బరువు 73తో భాగిస్తే 15 శాతం. తడి బరువుతో భాగించడం చాలామంది చేసే పొరపాటు; అప్పుడు 13 వచ్చి చెక్క ఆరిందన్న భ్రమ కలుగుతుంది. టింబర్ డిపోలో అప్పటికప్పుడు కోసిచ్చే లావు చెక్క పైన పొడిగా, లోపల పచ్చిగా ఉండటం మామూలే కాబట్టి ముక్కను మధ్యకు చీల్చి, లోపలి భాగాన్ని విడిగా తూచడం మంచిది.

పచ్చి ఓక్ చట్రాల పుస్తకాలు దీనికి పూర్తిగా వేరే దారిలో పోతాయి. పచ్చి చెక్కనే కోసి, బిగించి, ఆరేకొద్దీ జోడింపు బిగుసుకునేలా కొయ్య చీలలు కొట్టమంటాయి. చెన్నై వేడికి పచ్చి చెక్క కొసల దగ్గర రోజుల్లోనే పగుళ్ళు బారుతుంది. కోసిన వెంటనే కొసలకు మందంగా పెయింటో మైనమో పూసి నీడన పెట్టలేనివారు ఆ పద్ధతి జోలికి పోకపోవడమే మేలు.

చెక్క ఎక్కడిది

అభ్యాసానికి మెత్తటి పైన్ వాడమని దాదాపు ప్రతి పుస్తకమూ చెబుతుంది. ఇక్కడ ఆ సలహా పనికిరాదు. ప్యాకింగ్ పెట్టెల పైన్ ఉలి కింద నలుగుతుంది. బెజ్జంలో దిగడానికి సన్నగా కోసే కొసను నాలుక అంటారు; అది వంకరగా కోసినా సుత్తి దెబ్బకు అణిగి బెజ్జంలో దూరిపోతుంది. తప్పు తెలియకుండానే పని అయిపోతుంది. చెన్నైలో ఇంతకంటే మంచి చెక్క దొరుకుతుంది. పాత మద్రాస్ టెర్రస్ ఇళ్ళు కూల్చినప్పుడు, సున్నంలో ఐమూలగా పేర్చిన ఇటుకల కప్పును మోసిన టేకు దూలాలు పాత కలప దుకాణాలకు చేరతాయి. దశాబ్దాలుగా ఈ ఊరి గాలికే అలవాటుపడిన చెక్క అది. కొనేముందు అయస్కాంతం జరిపి విరిగిన మేకులు వెతకాలి. సున్నం అంటిన ముఖాన్ని ఇనుప బ్రష్‌తో రుద్ది, పాత రంపంతో ఒక పొర తీసేయాలి. ఆ పొర మీద మంచి చిత్రిక పడితే బ్లేడు అంచు ఒక్క తోపుకే పోతుంది.

కొలతల్లో ఇంకో ఉచ్చు ఉంది. ఇక్కడ చెక్క ఘనపుటడుగుల్లో అమ్ముతారు. 5 అంగుళాలు × 3 అంగుళాలు × 7 అడుగుల గుమ్మం నిలువు కావాలంటే ఆ మూడూ గుణించి 144తో భాగించాలి: 0.73 ఘనపుటడుగు. చిత్రిక పట్టాక 3 అంగుళాలది 70 మి.మీ. దగ్గరికి వస్తుంది. అమెరికా పుస్తకంలో 2 × 4 అని ఉన్నది అసలు ఒకటిన్నర, మూడున్నర అంగుళాల చెక్క. పుస్తకం బొమ్మలోని అంకెలు నేరుగా డిపోలో చెబితే ఏ ముక్కా కుదరదు.

బొమ్మ చదవడం కూడా నేర్చుకోవలసిందే. మన ఐటీఐ డ్రాయింగుల్లో, బ్రిటిష్ పద్ధతి పాత పుస్తకాల్లో ఎడమ నుంచి చూసిన రూపాన్ని కుడివైపు గీస్తారు. అమెరికా పుస్తకాల్లో ఎడమవైపే గీస్తారు. చదరపు బెజ్జానికి దీనితో తేడా రాదు. ఏటవాలు కోతలున్న జోడింపుకు మాత్రం ఒక ముక్క అద్దంలో బొమ్మలా తిరగబడి తయారవుతుంది. అనుమానం వస్తే థర్మోకోల్‌తో ఒక నమూనా కోసి చూసుకుంటే చెక్క మిగులుతుంది.

ఒక జోడింపు, మొదటి నుంచి చివరి దాకా

పుస్తకంలో నలభై జోడింపులున్నా చేతికి ముందు కావలసింది ఒక్కటే: బెజ్జం, అందులో దిగే నాలుక. ఐటీఐ పుస్తకాల్లో వీటినే మార్టిస్, టెనన్ అంటారు. 70 మి.మీ. చదరపు టేకు నిలువులోకి, అదే కొలత అడ్డకమ్మిని దించడం తీసుకుందాం.

మొదట చిత్రికతో ఒక ముఖాన్ని, దానికి ఆనుకున్న ఒక పక్కను సమం చేసి, రెంటి మీదా పెన్సిలు గుర్తు పెట్టాలి. ఆ తర్వాత ప్రతి కొలతా ఆ రెండింటి నుంచే. మూలమట్టం పెట్టినా, మార్కింగ్ గేజ్ ఆనించినా వాటికే. నాలుగు ముఖాల నుంచీ నాలుగు రకాలుగా కొలిస్తే చెక్కలోని అర మిల్లీమీటరు తేడాలన్నీ కలిసి జోడింపు దగ్గర సందుగా తేలతాయి. పుస్తకాల్లో ఈ సంగతి ఒక్క పేరాలో అయిపోతుంది. పాడైన జోడింపుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పాడవుతాయి.

నాలుక మందం చెక్కలో మూడో వంతు అని సూత్రం. కానీ అసలు కొలత చేతిలో ఉన్న ఉలిది. అంగుళం ఉలి ఉంటే నాలుక 25 మి.మీ., గేజ్ రెండు సూదులనూ ఆ ఉలి అంచుకే ఆనించి బిగించాలి. నాలుక మొదట్లో నిలువుకు ఆనే మెట్టే భుజం. ఆ భుజం గీతను కత్తితో గీయాలి. పెన్సిలు గీతకు మందం ఉంటుంది, కత్తిగీతకు ఉండదు, పైగా ఉలి మొన అందులో కుదురుగా కూర్చుంటుంది. బెజ్జం నిలువు కొసకు దగ్గరగా ఉంటే కొసన 30, 40 మి.మీ. చెక్క అదనంగా వదిలి, బిగించాక కోసేయాలి. ఆ కొమ్ము లేకపోతే చివరి దెబ్బకు నిలువు చీలుతుంది. టేకు నారవెంట తేలిగ్గా చీలే చెక్క.

బెజ్జంలో చెత్త చాలావరకు 22 మి.మీ. బరమాతో తీసేసి, మిగిలింది ఉలితో చెక్కాలి. ఆరపార బెజ్జాన్ని రెండు వైపుల నుంచీ సగం సగం తొలవాలి. ఒకే వైపు నుంచి కొడితే అవతలి ముఖం పెచ్చులూడుతుంది. రెండు చివర్ల గీతలకు 3 మి.మీ. దూరంలో ఆపి, ఆ చివరి పొరను ఆఖరున నిలువుగా దించాలి. గోడలు నిటారుగా ఉన్నాయో లేదో మూలమట్టం పలకను లోపల దించి చూడాలి. మధ్యలో ఉబ్బు ఉంటే నాలుక అక్కడే చిక్కుకుని భుజం కూర్చోదు. అప్పుడు నాలుకను సన్నం చేయడం తప్పు మందు.

నాలుక కోతకు రంపం గీతకు బయట, పారేసే చెక్కవైపు నడవాలి. కొసన ఒక మూల మొదలుపెట్టి, ఏటవాలుగా దించి, చెక్క తిప్పి రెండోవైపు నుంచి కలపాలి. పక్కలు ముందు, భుజాలు తర్వాత. సరిగ్గా వచ్చిన నాలుక చేతి ఒత్తుడికి సగం దిగి, మిగతాది కొయ్యసుత్తి చిన్న దెబ్బలకు దిగుతుంది. గట్టిగా బాదితేగాని దిగకపోతే బయటికి తీసి, గోడల రాపిడికి మెరిసిన చోటు వెతికి అక్కడే గీకాలి.

చీల కొట్టే పద్ధతి 17వ శతాబ్దంలో జోసెఫ్ మాక్సన్ ఇంగ్లీషులో రాసిన వడ్రంగం పాఠాల్లోనే ఉంది. నిలువులో, భుజం ఆనే అంచుకు 25 మి.మీ. దూరంలో 10 మి.మీ. రంధ్రం వేయాలి. నాలుకను దించి, బరమా మొనతో దాని మీద గుర్తు పెట్టి, బయటికి తీయాలి. ఆ గుర్తును భుజం వైపు కొంచెం జరిపి నాలుకలో రంధ్రం వేయాలి. అప్పుడు చీల దిగుతూ భుజాన్ని లోపలికి లాగుతుంది. భుజానికి దూరంగా జరిపితే చీల జోడింపును విడదీస్తుంది; ఇది తొలిసారి చేసేవాళ్ళు తరచూ చేసే తప్పు. మెత్తటి చెక్కల పుస్తకాలు 3 మి.మీ. జరపమంటాయి. టేకుకు అంత జరిపితే చీల విరుగుతుంది, లేదా రంధ్రం వెనక నాలుక పగులుతుంది. అంగుళంలో ఎనిమిదో వంతును చెన్నై వడ్రంగులు నూలు అంటారు. ఇక్కడ అర నూలు, అంటే 1.6 మి.మీ. చాలు. చీలను రంపంతో కోయకూడదు, నారవెంట చీల్చి చెక్కాలి. బండి చక్రాల కుంభాలకు వాడే నల్లతుమ్మ గానీ, ముదురు ఎండు వెదురు గానీ బాగుంటాయి.

టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది కనుక ఉలి త్వరగా మొద్దుబారుతుంది. పుస్తకం చెప్పిన 25 డిగ్రీల వాలుతో బెజ్జం తొలిస్తే అంచు పెళుసుగా రాలుతుంది. 30 నుంచి 35 డిగ్రీలు నిలుస్తాయి. కార్బొరండం రాయి మీద ఆపేయకుండా 1000, ఆపైన 4000 నంబరు సన్న రాళ్ళ దాకా పోవాలి. ఉలి వీపు చదునుగా లేకపోతే ఎంత నూరినా లాభం లేదు. పదును పరీక్షకు సిల్వర్ ఓక్ ముక్క కొసను అడ్డంగా గీకి చూడాలి. కోత నున్నగా మెరిస్తే పదును ఉన్నట్టు, పొడిపొడిగా రాలితే లేనట్టు. పదును అధ్యాయం దాటేసి జోడింపుల అధ్యాయానికి పోయినవాళ్ళు అక్కడ నేర్చుకునేది ఏమీ ఉండదు.

నేర్చుకునేటప్పుడు ఇంకో పని తప్పనిసరి. కుదిరిందనిపించిన జోడింపును బిగించాక రంపంతో నిలువునా రెండుగా కోసి చూడాలి. గురువు ఉంటే వేలుపెట్టి చూపించే తప్పులు ఆ కోతలో కనిపిస్తాయి: లోపల ఉబ్బిన గోడ, ఒక పక్కే ఆనుతున్న నాలుక, పైకి మూసుకున్నట్టుండి వెనక ఖాళీగా ఉన్న భుజం.

దూలాల దగ్గర పుస్తకాన్ని నమ్మకూడని చోట్లు

రెండు పొట్టి దూలాలను కలిపి పొడుగు దూలం చేసే జోడింపుల బొమ్మలు, ముఖ్యంగా జపాన్‌వి, చూసినవాళ్ళను వెంటనే లాగుతాయి. ముందు వాటినే కోయబోతారు. సుగి, హినోకి మెత్తగా, నిటారు నారతో ఉండే చెక్కలు. వాటికి రాసిన సన్నటి కొక్కేలు టేకులో నారవెంట ఊడిపోతాయి. పైగా వంగే బలం దూలం లోతు వర్గంతో పెరుగుతుంది. సగానికి సగం కోసి ఒకదానిమీద ఒకటి పెట్టిన అతుకు దగ్గర ఒక్కో ముక్క లోతు సగం, బలం నాలుగో వంతు. అందుకే అతుకు ఎప్పుడూ స్తంభం మీదో, దాని పక్కనో రావాలి. బరువు ఎక్కువగా వంచే నడిమధ్యన రాకూడదు.

ఏ దూలానికి ఎంత నిడివి అన్న పట్టికలు పరాయి పుస్తకాల్లోవి అసలు వాడకూడదు. అవి ఆ దేశపు చెక్కకు, మంచు బరువుకు కట్టినవి. మంచు కప్పును కిందికి నొక్కుతుంది. చెన్నైలో కప్పుకు గండం తుపాను గాలి, అది పైకి పీకుతుంది. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గాలి బరువులకు రాసిన ఐఎస్ 875 మూడో భాగం చెన్నైకి సెకనుకు 50 మీటర్ల మూల గాలివేగం ఇస్తుంది. 2016 డిసెంబరులో వర్దా తుపాను వచ్చినప్పుడు ఈ నగరం పీకుడు గాలిని కళ్ళారా చూసింది. చీల కొట్టిన నాలుక కిందికి నొక్కే బరువును బాగా మోస్తుంది, పైకి లాగే బలానికి బలహీనం. డాబా మీద చెక్క పందిరి కడితే స్తంభం, దూలం కలిసేచోట ఇనుప పట్టీ వేయడంలో నామోషీ ఏమీ లేదు. చెక్క కట్టడాల లెక్కలకు ఐఎస్ 883 చూడాలి. అందులో టేకు ‘బి’ వర్గంలో, అంటే స్థితిస్థాపక గుణకం (వంగకుండా నిలిచే బిగువు కొలత) 9.8 నుంచి 12.6 గిగాపాస్కల్ వరకు ఉన్న చెక్కల్లో ఉంటుంది. గుమ్మాలకు ఐఎస్ 4021, తేమకు ఐఎస్ 287 ఉన్నాయి. బీఐఎస్ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే ఇవి ఉచితంగానే దొరుకుతాయి. చదవడానికి చప్పగా ఉంటాయి గానీ ఇక్కడి చెక్కకు, ఇక్కడి గాలికి రాసిన అంకెలు అవే.

సొంత సంప్రదాయపు పుస్తకం లేదా అంటే ఉంది. శిల్పశాస్త్ర గ్రంథం మయమతంలో 17వ అధ్యాయం మొత్తం జోడింపుల గురించే. మేషయుద్ధం, సూకరఘ్రాణం వంటి పేర్లతో రకాలు చెబుతుంది. మేషయుద్ధంలో నడిమి నాలుక వెడల్పు స్తంభంలో మూడో వంతు. ఐటీఐ పుస్తకం చెప్పేదీ అదే పాలు. బ్రూనో దాజాన్స్ పరిష్కరించి అనువదించిన ప్రతి ఉంది. కాకపోతే పని తెలిసినవాడికి గుర్తుచేసే సూత్రాలవి. రంపం ఎటు పట్టాలో, ఉలి ఎక్కడ ఆపాలో వాటిలో వెతికితే దొరకవు. ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీ దేశంలో అచ్చయ్యే పుస్తకాలన్నీ చేరవలసిన గ్రంథాలయాల్లో ఒకటి కాబట్టి ఇలాంటివి వెతకడానికి మొదట అక్కడికే పోవచ్చు.

చదివినదాన్ని నిజం చెక్కలో చూడటానికి ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద ముట్టుకాడులోని దక్షిణచిత్ర ఉంది. 1996లో తెరిచిన ఆ ఆవరణలో కేరళ, తమిళనాడు, కర్ణాటక, ఆంధ్ర పాత ఇళ్ళను విప్పి తెచ్చి కట్టినవి, ఆ తీరులో కట్టినవి ఉన్నాయి. అందంగా చెక్కిన బోదెల కన్నా ముందు మూలలు చూడాలి: గోడపలకలు నిలువుల్లోకి ఎలా దిగాయి, చీల తల ఏ వైపు తేలింది, భుజాల దగ్గర ఏ కాలపు సందు ఉంది. స్తంభాల అడుగులు కూడా చూడాలి. చలిదేశాల పుస్తకాలు నిలువును నేలమీది చెక్క దిమ్మెలో దించమంటాయి. అక్కడి భయం కుళ్ళు. ఇక్కడ చెదలు నేలలోంచే వస్తాయి. అందుకే నిలువు అడుగున రాతి దిమ్మె పెట్టి, దాని నడిమి గుంటలో నిలువు కొసన కోసిన పొట్టి నాలుకను దించాలి. ఆ గుంటలో నీరు నిలవకుండా ఒక పక్కకు గాడి తీయాలి. నిలువు అడుగు కొస, నార తెరుచుకుని ఉండే ముఖం కాబట్టి, బిగించేముందు దానికి రెండు పూతలు నూనె పట్టించాలి. రాతికీ చెక్కకూ మధ్య సిమెంటు మాత్రం పూయకూడదు; అది తేమను పట్టి ఉంచుతుంది.